లిఫ్ట్‌మన్ సంగతి

మంగళవారం మేనేజరు ఆ ఉత్తరాన్ని నిలబడే చదివాడు. కూర్చుంటే కోపం చల్లారిపోతుందేమోనన్నట్టు, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, గొంతు పెంచి చదివాడు. ఫారాలు పేర్చే ఆడవాళ్ళు ఆరుగురూ చేతులు ఆపి విన్నారు.

"'అయ్యా, మీ ప్రెస్సులో వేసిన రాగిడేగ బొమ్మల కథలు, రెండు వందల పద్నాలుగో సంచిక కొన్నాను. తొమ్మిదో పేజీ నుంచి పదహారు దాకా రెండుసార్లు ఉంది. పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా అసలు లేదు. రాగిడేగ చనిపోతాడని అట్ట మీదే వేశారు కాబట్టి ఆ విషయంలో నాకు బెంగ లేదు. కానీ పదహారో పేజీలో లిఫ్ట్‌మన్ బతికే ఉన్నాడు. ఇరవై ఐదో పేజీలో కనబడటం లేదు. మధ్యలో ఆయనకేమైందో తెలియజేయగలరు. చివరి పేజీ మూలన మీ తనిఖీ ముద్ర నాలుగు అని ఉంది.'"

మేనేజరు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇదొక్కటే అయితే ఎవడో పిచ్చోడనుకుని వదిలేసేవాణ్ణి. అంగళ్ళ నుంచి ముప్పై ఎనిమిది కాపీలు వెనక్కొచ్చాయి. అన్నిటి మీదా నాలుగే."

మిగతా మూడు నంబర్లూ పాఠ్యపుస్తకాల గదిలో ఉంటాయి. నాలుగు ఈ గదిది. ఈ గదిలో నాలుగంటే పెద్దక్క.

ముప్పై రెండు పేజీల పుస్తకానికి నాలుగు ఫారాలు. ఒక్కో ఫారం ఎనిమిదేసి పేజీలు. మడిచిన ఫారాలు పొడుగుబల్ల మీద నాలుగు దొంతర్లుగా ఉంటాయి. ఆడవాళ్ళు బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతర నుంచి ఒక్కోటి తీసి ఎడమచేతి మీద పేర్చుకుంటారు. ప్రతి ఫారం మడత వీపు మీదా చిన్న నల్లగీత ఉంటుంది. మొదటిదానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. నాలుగూ వరుసగా పడితే గీతలు మెట్లలా దిగుతాయి. మెట్టు తప్పితే కుర్చీలో కూర్చున్న మనిషి పట్టుకుని పక్కన పడేయాలి. తప్పనివాటికి చివరి పేజీ మూలన ముద్ర వేసి, కుట్టుమిషను వైపు తోయాలి. ఆ గదిలో కుర్చీ ఒక్కటే.

"ఏమంటావు పెద్దక్కా?"

"ఏమంటాను సార్. ముద్ర నాదే."

"పద్దెనిమిదేళ్ళ నుంచీ చేస్తున్న పనే కదా! కళ్ళు మూసుకుని వేశావా?"

పెద్దక్క ముద్రకి అంటిన సిరాని పాతగుడ్డతో తుడిచింది, సాయంత్రం పని అయ్యాక తుడిచినట్టే, నిదానంగా, అక్షరం సందుల్లోంచి కూడా. సిరాపెట్టె మూతపెట్టి దాని పక్కన ముద్రని నిలబెట్టింది. కుర్చీలోంచి తన దిండు తీసుకుని చంకలో పెట్టుకుంది.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు మేనేజరు. అది అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆయన చుట్టూ చూశాడు. "కొత్తమ్మాయీ, రేపట్నుంచి నువ్వు కూర్చో."

కొత్తమ్మాయి చేరి మూడేళ్ళయింది. తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి పేరు అలాగే ఉండిపోయింది. "నేనా సార్?" అంది.

వెళ్తూ వెళ్తూ పెద్దక్క ఆమె వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ఏముందో కొత్తమ్మాయికి అంతుపట్టలేదు. నిందా? జాలా? ఏమీ లేదా? ఏమీ లేకపోతేనే ఎక్కువ భయం వేసింది.

ఎందుకంటే ఆ సంచిక పేర్చిన రోజు మధ్యాహ్నం ఒక గంట సేపు ఆ కుర్చీలో ఉన్నది తనే. "కళ్ళాసుపత్రికి పోయొస్తానే. ఎవరైనా అడిగితే దొడ్లోకి వెళ్ళిందని చెప్పు," అని పెద్దక్క వెనక గుమ్మంలోంచి జారుకుంది. మిగతావాళ్ళు భోజనాల్లో ఉన్నారు. పాపకి రెండు రాత్రుల నుంచి జ్వరం. రెండు రాత్రులూ కొత్తమ్మాయి కన్ను మూయలేదు. ఆ గంటలో ఎన్ని పుస్తకాల మెట్లు చూసిందో, ఎన్ని చూడకుండా ముద్ర వేసిందో ఆమెకే తెలీదు. మెలకువ వచ్చేసరికి గడ్డం సిరాపెట్టె మీద ఉంది. తిరిగొచ్చిన పెద్దక్క ఏమీ అనకుండా కొంగు తడిపి ఆ గడ్డం తుడిచింది.

ఇంటికొచ్చాక పాప నుదురు చూసింది. చల్లగానే ఉంది. చెయ్యి కడుక్కుని మళ్ళీ చూసింది.

"ఎన్నిసార్లు చూస్తావే? అలా తడిమి తడిమే దానికి జ్వరం తెప్పిస్తావు," అంది అత్తగారు.

"కుర్చీలో కూర్చోమన్నారత్తయ్యా, రేపట్నుంచి."

"నిజమా! నడుం నొప్పని మూలగడం తప్పుతుంది. వాడొచ్చాక చెబితే సంతోషిస్తాడు." కొడుకు లారీ మీద వెళ్ళి తొమ్మిది రోజులైంది. "అదేంటి, మొహం అలా పెట్టావు?"

"అలిసిపోయాను."

"మంచి మాట చెప్పి ఏడుపు మొహం పెట్టేదాన్ని నిన్నే చూశాను," అంటూ అత్తగారు పాపని అందుకుంది.

కుర్చీలో మొదటి రోజు కొత్తమ్మాయి నడుముకి సిగ్గు లేకుండా హాయిగా ఉంది. మూడేళ్ళుగా మధ్యాహ్నం మూడింటికల్లా మొదలయ్యే పోటు ఆ రోజు రాలేదు. అది రాకపోవడం ఆమెకి తప్పు చేసినట్టు అనిపించింది. ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు చూసింది. చూసినదాన్ని పక్కన పెట్టాక అనుమానం వచ్చి మళ్ళీ తీసింది. కుట్టుమిషను దగ్గరి ఆమె ఖాళీగా కూర్చుని, "తల్లీ, ఇవి పుస్తకాలా, పెళ్ళి చూపులా? ఒకటి పంపించు," అంది. ఎవరూ నవ్వలేదు. పెద్దక్క ఉంటే నవ్వేవాళ్ళు.

రాత్రి పాప పక్కన పడుకుని లెక్కలేసుకుంది. చెబితే తీసేస్తారు. తీసేస్తే పాప మందులు, పాలు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? పెద్దక్కకి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దక్కకి పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉంది, ఏ ప్రెస్సయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. ఆ కారణాలన్నీ వరుసగా బాగానే ఉన్నాయి. నిద్ర మాత్రం పట్టలేదు.

గురువారం, భోజనాలయ్యాక, గుమ్మంలో ఖాకీ చొక్కా వేసుకున్న ఒక భారీ మనిషి కనిపించాడు. భుజానికి టికెట్ల సంచీ ఉంది.

"అమ్మా, మేనేజరుగారు ఇటు వెళ్ళమన్నారు. పుస్తకం మార్చిస్తారట. ఉత్తరం రాశాను నేను."

గదిలో నడుస్తున్న కాళ్ళు ఆగిపోయాయి. కొత్తమ్మాయి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలీకుండానే. మంచి కాపీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, బల్ల చివర దుమ్ము లేని చోటు చూసి పెట్టి, పదిహేడో పేజీ తెరిచాడు. అలవాటు కొద్దీ వేలు నాలుక మీదికి పోయింది. గుర్తొచ్చి, వేలు చొక్కాకి తుడుచుకున్నాడు.

ఇరవై రెండూ ఇరవై మూడూ కలిపి ఒకటే బొమ్మ. వానలో రాగిడేగ రెక్కలు పరుచుకుని పడి ఉన్నాడు. ఊరు ఊరంతా మోకాళ్ళ మీద ఉంది. మొదటిసారి ఆ ఫారం మడతపెట్టేటప్పుడు కొత్తమ్మాయికి కళ్ళు చెమర్చాయి. కండక్టరు దాన్ని బస్సు ఆగని స్టాపుని చూసినట్టు చూసి, పేజీ వెనక్కి తిప్పేశాడు.

"చచ్చిపోయాడు కదన్నా?" అంది ఆమె ఉండబట్టలేక.

"ఆఁ, పోయాడు. వేసవి సెలవులకి వచ్చేస్తాడు."

"ఎలా వస్తాడు? గుండెలో ఇనపచువ్వ దిగింది."

"ఇనపచువ్వ ఏపాటిది చెల్లెమ్మా. మొదటిసారి సముద్రంలో మునిగిపోయాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. రెండు రోజులు ముద్ద ముట్టలేదని మా నాన్న వీపు చీరేశాడు. నాలుగు నెలలకి తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. రెండోసారి పోయింది వీడు కాదట, వీడి కవల. ఆ కవల సంగతి వాళ్ళమ్మకే తెలీదు! మూడోసారి ఏకంగా కాలాన్నే వెనక్కి తిప్పారు. నాలుగోసారి మా ఆవిడే చెప్పింది, 'మీవాడు మళ్ళీ పోయాడటగా, డ్యూటీకి సెలవు పెడతారా?' అని."

బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మంగళవారం తర్వాత ఆ గదిలో అదే మొదటి నవ్వు.

"ఇన్నిసార్లు మోసపోయి ఇంకా ఎందుకు కొంటారండీ?" అంది కుట్టుమిషను ఆమె.

"మోసం కాదమ్మా, వాడి ఉద్యోగం అది. వాడు చావాలి, రావాలి. నేను టికెట్టు కొట్టాలి. ఎవడి డ్యూటీ వాడిది." ఆయన అది నవ్వించడానికి అనలేదు. "చావు సరిగ్గా రాసింది ఒక్కటే. అరవయ్యో సంచికలో దీపాలపిల్ల అని ఒకమ్మాయి ఉండేది. అరచేతుల్లోంచి వెలుగొచ్చేది. యుద్ధంలో కాదు, జ్వరమొచ్చి పోయింది. అర పేజీ. దాన్ని మళ్ళీ తీసుకురావడం రాసేవాళ్ళు మర్చిపోయారు. మర్చిపోయారు కాబట్టి నిజంగా పోయింది. మిగతావాళ్ళవి చావులు కావు, సెలవులు."

జ్వరం అన్న మాటకి కొత్తమ్మాయి చెయ్యి తనకి తెలీకుండానే తన మెడ మీదికి పోయింది.

కండక్టరు ఒక్కో బొమ్మనీ వేలు ఆనించకుండా, గాల్లోనే చూపిస్తూ వెతుకుతున్నాడు. ఇరవయ్యో పేజీలో ఆగాడు. లిఫ్టు తాడు తెగుతోంది. పెద్ద బొమ్మలో రాగిడేగ పైకప్పు చీల్చుకుని ఎగిరిపోతున్నాడు. కింద, మూలన, బొటనవేలి గోరంత చోటులో చీకటి గొయ్యి. అందులో గాల్లో ఒక టోపీ.

"ఇదిగో," అన్నాడు. "అనుకున్నాను."

సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. అట్ట చిరిగి, రబ్బరుబ్యాండు వేసి ఉంది. పెన్సిలుతో రాసుకున్నాడు. ఆమె తల వంచి చదివింది. ఆమెకి చదువు నెమ్మది. తొంభై మూడు, పాలవ్యాను డ్రైవరు, వంతెన మీద. నూట పన్నెండు, అద్దాలు తుడిచే మనిషి. నూట నలభై, బడి ఆయా, చెయ్యి మాత్రం కనబడింది. పేజీలకి పేజీలు అదే.

"వీళ్ళంతా ఎవరన్నా?"

"తిరిగి రానివాళ్ళు. వాడు కొట్టుకునేటప్పుడు పక్కన ఉన్నవాళ్ళు. మూడొందల పదకొండు, ఇవాళ్టితో పన్నెండు. వీళ్ళకి కవలలు ఉండరు, కాలం వెనక్కి తిరగదు." ఒక్కసారిగా ఆయన గొంతు పెరిగింది. "రెక్కలున్నోడికి లిఫ్టెందుకు, మీరు చెప్పండి? ఎగిరి పోవచ్చుగా? వాడు ఎక్కాడు కాబట్టి శత్రువులు తాడు తెంపారు. వాడు ఎగిరిపోయాడు. లిఫ్ట్‌మన్ ఉదయం టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకొచ్చాడు, అంతే ఆయన చేసింది. ముప్పై ఏళ్ళ నుంచి అడుగుతున్నా ఈ సంగతి. ఒక్క ఉత్తరానికీ జవాబు లేదు. ఈసారి పేజీలు లేకపోబట్టి పిలిచారు."

పుస్తకం మూయబోతూ చివరి పేజీ మూల చూశాడు. "ఈ నాలుగు మీరేనా?"

"ఇప్పుడు నేను. అప్పుడు వేరే ఆవిడ."

"ఆవిడేరి?"

"తీసేశారు."

"దేనికి?"

ఆమె ఆయన చేతిలోని పుస్తకం వైపు చూసింది. ఆయనకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. పెద్ద మొహం మెల్లగా వాడిపోయింది. "నేను లిఫ్ట్‌మన్ గురించే కదమ్మా అడిగాను," అన్నాడు. మళ్ళీ, ఎవరికో సంజాయిషీ చెప్తున్నట్టు, "నంబరు ఉంది కదాని రాశాను. వివరంగా రాయాలి కదాని," అన్నాడు.

రబ్బరుబ్యాండు మళ్ళీ తీశాడు. లిఫ్ట్‌మన్ కింద గీత గీసి, 'రెండొందల పద్నాలుగు, తనిఖీ చేసే మనిషి' అని మొదలుపెట్టాడు.

"రాయకండన్నా."

"ఎందుకని?"

కుట్టుమిషను నడుస్తోంది. ఆమె ఆ చప్పుడులో కలిసిపోయేలా చెప్పింది. "ఆవిడ కాదు. ఆ గంట కుర్చీలో ఉన్నది నేను. నిద్రపోయాను. తప్పు రాయకండి."

ఆయన పెన్సిలు ఎత్తి పట్టుకుని ఆమె వంక చూశాడు. "మిమ్మల్ని కూడా తీసేశారా?"

"లేదు."

"అయితే మిమ్మల్ని రాయడం కుదరదు చెల్లెమ్మా. ఉన్నవాళ్ళని రాయను." అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఆయన పద్ధతి, అంతే. గోడ గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. "అమ్మో, రెండింటికి నా ట్రిప్పు," అని, పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అయిదింటికి, అందరూ చేతులు కడుక్కుంటుంటే, కొత్తమ్మాయి మేనేజరు గదిలోకి వెళ్ళింది. దారిలో అనుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే రాలిపోయాయి.

"సార్, ఆ ముద్రలు నేను వేశాను."

"ఏ ముద్రలు?"

"రెండొందల పద్నాలుగువి. ఆ గంట పెద్దక్క లేదు. నేను కూర్చున్నాను. కునుకు పట్టింది."

మేనేజరు కళ్ళజోడు తీశాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకి మిగిలినట్టు లేదు. "రెండు రోజులైంది కదమ్మా. ఇప్పుడెందుకు చెప్తున్నావు? నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్."

"ఇంతకీ ఆవిడ ఎక్కడికెళ్ళింది, పని వదిలేసి?"

కళ్ళాసుపత్రి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తనిఖీ చేసే మనిషికి కళ్ళు కనబడవని ఒక్క ప్రెస్సులో తెలిస్తే చాలు, ఊళ్ళో అన్ని ప్రెస్సుల్లోనూ తెలిసిపోతుంది. ఆమె ఆ మాట మింగేసింది.

"నా పాపకి మందు తేవడానికి. నేనే పంపాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "వచ్చేది వాడి అంత్యక్రియల ప్రత్యేక సంచిక. రెట్టింపు కాపీలు. ఇద్దరినీ తీసేస్తే పేర్చేదెవరు, నేనా? ఆవిణ్ణి రేపు వచ్చి కుర్చీలో కూర్చోమను. నువ్వు బల్ల దగ్గరికి పో. ఇంకోసారి జరిగితే ఇద్దరూ బయటే. వెళ్ళు."



ఆమె పాపని చంకనేసుకుని పెద్దక్క ఇంటికి వెళ్ళింది. ఒకటే గది. పెద్దక్క గుమ్మంలో కూర్చుని ఆ దిండు గలీబుకి కుట్టు వేయబోతోంది.

"వచ్చావా. ముందీ సూదిలో దారం ఎక్కించు. అరగంట నుంచి దాంతో సరసమాడుతున్నా."

కొత్తమ్మాయి పాపని కింద దించి దారం ఎక్కించింది. జరిగింది చెప్పింది. పెద్దక్క చెయ్యి ఆగిపోయింది.

"కళ్ళ సంగతి చెప్పావా?"

"లేదక్కా. పాపకి మందు తేవడానికి నేనే పంపానని చెప్పాను."

"నన్నా? నువ్వా? నువ్వు పంపితే నేను పోయానా?" పెద్దక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆయన నమ్మాడా?"

"ఏమో. రేపు నిన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. నన్ను క్షమించక్కా. మంగళవారం నోరు పెగల్లేదు."

"దేనికే క్షమించడం? అది నీ గంటలో జరిగిందని ఎవరు చెప్పారు నీకు?"

కొత్తమ్మాయి తెల్లబోయి చూసింది.

"పొద్దున్నించీ నేను వేసినవి ఎన్ని? నువ్వు వేసినవి ఎన్ని? ఏడాదిగా నాకు మెట్లు కనబడటం లేదు పిల్లా. పైకి బొటనవేలితో తడిమి, దొంతర మందం చూసి వేసేస్తున్నా. రెండో ఫారం, మూడో ఫారం వేలికి ఒకటే. ఆయన ఉత్తరం చదువుతుంటే నా పని అయిపోయిందనే అనుకున్నా, నీ గోల నాకు తట్టనే లేదు." సూదిని దిండులో గుచ్చింది. "నన్ను మళ్ళీ ఆ కుర్చీ ఎక్కిస్తున్నావన్నమాట. బాగుంది నీ ఉపకారం."

పాప దిండు మీదికి పాకింది. కొత్తమ్మాయి దాని నుదురు మీద చెయ్యి వేసింది.

"మరి ఏం చేద్దామక్కా?"

"చేసేదేముంది. పొద్దున్నే వస్తా."

శుక్రవారం పెద్దక్క దిండు లేకుండా వచ్చింది. కుర్చీ దగ్గర నిలబడిన మేనేజరు ముద్ర అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను కూర్చోను సార్. నాకు ఆ గీతలు కనబడటం లేదు. బల్ల దగ్గర పెట్టండి, పేరుస్తాను. అది చేతుల పని."

కొత్తమ్మాయి తల దించుకుంది.

"మరి మందు?" అన్నాడు మేనేజరు.

"ఆ కథ ఈ పిల్ల అల్లింది. నేను కళ్ళాసుపత్రికి పోయాను. వచ్చే నెల ఆపరేషన్."

"అయితే అసలు తప్పెవరిది?"

"తెలీదు సార్. నా గంటల్లో జరిగుండొచ్చు, దాని గంటలో జరిగుండొచ్చు. మూడో దొంతర్లో రెండో ఫారాలు ఎవరు పోశారో అదీ తెలీదు."

మేనేజరు ఒక్కొక్కరి మొహమూ చూశాడు. "సరే. ఇప్పుడెవరు కూర్చుంటారు?"

ఎవరూ కదల్లేదు. మంగళవారం దాకా ఆ కుర్చీ కోసం నడుములు పట్టుకుని ఎదురుచూసినవాళ్ళే అందరూ. ఒకామె ఫారాల అంచులు సర్దింది. ఇంకొకామె జడ ముడేసుకుంది. కుట్టుమిషను ఆగి ఉంది. అంత్యక్రియల ఫారాలు గోడ వారగా నడుమెత్తు పేరుకుని ఉన్నాయి.

"మంచిది," అని మేనేజరు తనే కుర్చీలో కూలబడ్డాడు. "ఇందులో పెద్ద విద్యేముంది. కానివ్వండి."

ఆరుగురూ పెద్దక్కతో కలిపి ఏడుగురై బల్ల చుట్టూ నడక మొదలుపెట్టారు. పెద్దక్క చేతులు అందరికంటే వేగంగా కదులుతున్నాయి. కొత్తమ్మాయి నడుములో పాత పోటు మొదలైంది. మేనేజరు పుస్తకాన్ని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. కాసేపటికి ముద్ర టక్, టక్ అని పడసాగింది. చప్పుడు క్రమంగా వేగం అందుకుంది.

అరగంట తర్వాత కొత్తమ్మాయి కొత్త దొంతర దించడానికి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ముద్రలు పడ్డ పుస్తకాల వీపులు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. మెట్లు దిగుతున్నాయి, దిగుతున్నాయి, మధ్యలో ఒకచోట ఆగి, పక్కకి జరిగి, మళ్ళీ దిగుతున్నాయి. ఆమె చెయ్యి చాపి ఆ ఒక్కటీ బయటికి లాగింది. తెరిచి చూసింది. తొమ్మిది నుంచి పదహారు, మళ్ళీ తొమ్మిది నుంచి పదహారు. చివరి పేజీ మూలన నాలుగు, సిరా ఇంకా తడిగా ఉంది.

దాన్ని ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు. బల్ల చుట్టూ నడుస్తున్నవాళ్ళంతా ఆగారు. ఎవరూ నవ్వలేదు. కుర్చీకి పైన, కప్పుకి, నల్లబడిన ట్యూబులైటు ఒకటి వేలాడుతోంది. మేనేజరు తలెత్తి మొదటిసారి దాన్ని చూశాడు.

"ఇదెప్పుడు పోయింది?"

"రెండేళ్ళు దాటింది సార్," అంది పెద్దక్క, చేతిలోని ఫారాలు బల్లకేసి తట్టి అంచులు సరిచేస్తూ. "చెప్పాను."

ఆయన ముద్రని సిరాపెట్టె పక్కన పెట్టి, తడి ఆరని ఆ నాలుగుని బొటనవేలితో తుడవబోయాడు. అది ఇంకా పెద్దదై, పేజీ మూలంతా పాకింది.